గోడకేసి కూచున్న కొత్త అల్లుడు

పోయిన నెల మా మేనత్త కంటి ఆపరేషన్ కోసం రాజమండ్రి వచ్చి మా అపార్టుమెంటులో కొన్నాళ్ళు ఉంది. మావయ్య పోయాక ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదటిసారి. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో కుక్కరు ఎక్కించి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, బొమ్మూరు వైపు స్లాబు వేయిస్తున్న మేస్త్రికి ఇనుము లెక్క చెబుతున్నాను. కింద ఆటో హారను కొడుతోంది. మా అబ్బాయి బనియన్ కనపడలేదని అరుస్తున్నాడు. హాల్లోకి తొంగి చూస్తే అత్తయ్య ఫ్రిజ్ పక్కనున్న ఖాళీ గోడ ముందు దుప్పటి మడత వేసుకుని, దాని మీద నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళకి ఆపరేషన్ తాలూకు నల్ల కళ్ళద్దాలు, ముక్కుకి జానెడు దూరంలో గోడ. మా పనమ్మాయి రత్నం గిన్నెలు వదిలేసి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "ఏంటండీ, పెద్దమ్మగారు అలిగేరా? రాత్రి కూర గానీ నచ్చలేదా అండీ?"

నాకు నవ్వు ఆగలేదు. అవతల మేస్త్రి ఇనుము ఎక్కువైందని నవ్వుతున్నాననుకుని కంగారుపడ్డాడు. రత్నం అడిగిన ఆ ప్రశ్న మీదే ఒకప్పుడు మా ఇల్లంతా తలకిందులైంది. అత్తయ్య కాపురం మొదలవకముందే పెద్దమనుషుల ముందుకు వెళ్ళింది కూడా ఆ ప్రశ్న వల్లనే.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము ఎంత పడతాయో అంచనా వేసి చెప్పడం నా పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా ఆయన చిన్న కాంట్రాక్టులు చేసే రోజుల్లో పక్కన నిలబడి, పని అయ్యాక ఏది మిగిలిందో ఏది చాల్లేదో చూసి, తరవాతి ఇంటికి ఆ మేరకు సవరించుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు నా అంచనా తప్పడం అరుదు. పొద్దున్న లేచింది మొదలు తలలో అంకెలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, రోజూ కాసేపు వాటిని దింపి కూర్చోవడం నాకు అవసరం. దీన్ని జెన్ ధ్యానం అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. మాకు మాత్రం అది 'కూచోవడం'. పరీక్షకి కూచోవడం, భోజనానికి కూచోవడం లాగే అదీ ఒకటి. అది మా ఇంటికి తెచ్చినవాడు మావయ్య.

రామచంద్రపురానికి దగ్గర్లో, పంట కాలవ పక్కన మా తాతయ్య ఇల్లు. పొద్దున్నపూట సంతలా ఉండేది. తాతయ్య వీధి వసారాలో పడక్కుర్చీలో కూర్చుని రేడియో పెద్దగా పెట్టి, దానికన్నా పెద్దగా మాట్లాడేవాడు. తువ్వాలు కావాలన్నా, కళ్ళజోడు కావాలన్నా, వచ్చిన మనిషికి మజ్జిగ కావాలన్నా, "ఏమే!" అని ఒకే కేక. ఆ కేకలో ఏది కావాలో మామ్మకి ఎలా తెలిసేదో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆవిడ పెరటి వసారాకీ వంటింటికీ మధ్య రోజంతా నడుస్తూనే ఉండేది. పెరటి వసారాలో ఒక మూల దాలి ఉండేది. పిడకల నిప్పు మీద పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, ఇల్లంతా ఆ కమ్మటి కమురు వాసన వచ్చేది. దానికి కొబ్బరి డొక్కల పొగా, గోడవారగా పేర్చిన ధాన్యం బస్తాల ముక్క వాసనా, తాతయ్య తల నూనె వాసనా కలిసేవి. ఇప్పటికీ ఏ పాత ఇంటి కొలతలకో వెళ్ళినప్పుడు అందులో ఏ ఒక్కటి తగిలినా మిగతా మూడూ నా ముక్కు తనే కలుపుకుంటుంది.

అత్తయ్య నాన్నకి ఆఖరి చెల్లెలు. నాకన్నా కొన్నేళ్ళే పెద్ద. పెళ్ళయ్యేదాకా ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. ఆవిణ్ణి చేసుకున్న మావయ్య ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. పెళ్ళికి ముందు ఒకసారి వాళ్ళ ఓడ మరమ్మతు కోసం జపానులో ఒక రేవులో నెలల తరబడి ఆగిపోయిందట. ఆ రిపేరు షెడ్డులో పనిచేసే ఒక ముసలి ఫిట్టరు, పొద్దున్న సైరను మోగకముందు కొండ మీది చిన్న గుడికి వెళ్ళి గోడకేసి కూర్చుని వచ్చేవాడట. భాష రాకపోయినా మావయ్య అతని వెంట వెళ్ళాడు. కూర్చోవడం, అది అయ్యాక గుడి వాకిలి ఊడవడం, తరవాత షెడ్డుకి వెళ్ళి నూనె చేతులతో పని చేయడం. ఆ ముసలాయన దృష్టిలో ఈ మూడూ ఒకే పని. మావయ్య నేర్చుకున్నదీ అంతే.

పెళ్ళయిన నెలకి ఆయన మళ్ళీ అత్తవారింటికి వచ్చాడు. ఓడ పని మానేసి విశాఖపట్నంలో పోర్టు వర్కుషాపులో చేరబోతున్నాడు. అక్కడ అద్దె ఇల్లు చూసి, చేరే రోజుకి ముందు అత్తయ్యని తీసుకెళ్ళాలని వచ్చాడు. అత్తయ్య పెట్టె అప్పటికే సర్దేసుకుంది. వచ్చిన మర్నాడు పొద్దున్న, ఇల్లంతా పరుగుల మీదున్న వేళ, ఆయన పెరటి వసారాలో గోనెసంచి మడిచి వేసుకుని గోడకేసి కూర్చున్నాడు.

ముందు చూసింది మామ్మ. ఆ రోజుల్లో అత్తగారు కొత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడేది కాదు. తలుపు వెనక నుంచి నాతో చెప్పించేది. ఆవిడ నన్ను వంటింట్లోకి లాగి, "చిట్టీ, మీ మావయ్య అలిగేడే. గోడకేసి తిరిగి కూచున్నాడు. రాత్రి పులుసులో ఉప్పు తగ్గిందా ఏంటి? వెళ్ళి అడుగు" అంది. నేను వెళ్ళి అడిగాను. ఆయన కదల్లేదు. కాసేపయ్యాక లేచి, "ఏమీ లేదమ్మా, ఊరికే కూచున్నాను" అన్నాడు. ఇక చూడండి. కొత్త అల్లుడు అలగడం మా వైపు ఒక ముచ్చట. అలిగిన అల్లుడు ఎప్పుడూ అనే మాట కూడా "ఏమీ లేదు" అనే. మామ్మకి అనుమానం పోయి రూఢి అయిపోయింది.

ఆ మధ్యాహ్నం పూతరేకులు వచ్చాయి. ఆయన తిని, బాగున్నాయన్నాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ గోడ. ఈసారి తాతయ్య స్వయంగా వచ్చి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, మర్యాదల్లో ఏం లోటు జరిగిందో మొహమాటపడకుండా చెప్పండి." "ఏ లోటూ లేదండి మావయ్యగారూ, నాకిది అలవాటండి" అన్నాడు మావయ్య. అలగడం అలవాటా అని తాతయ్య బిత్తరపోయాడు. సాయంత్రం తన చేతి గడియారం తీసి అల్లుడి చేతికి పెట్టాడు. ఆయన వద్దని వినయంగా తిరిగి ఇచ్చేశాడు. "గడియారం చిన్నదైపోయింది. స్కూటరు అడుగుతాడు చూడు" అన్నాడు తాతయ్య లోపలికి వచ్చి.

అలక వరకూ అయితే నవ్వులతో పోయేది. మూడో రోజు మావయ్య కూర్చోవడం అయ్యాక, ఆ జపాను ముసలాయన నేర్పిన పద్ధతిలో మూలనున్న చీపురు తీసి వసారా ఊడవడం మొదలుపెట్టాడు. నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న పక్కింటి సత్యవతి చేద వదిలేసి చూసింది. మామ్మ అన్నేళ్ళ ఆచారం పక్కన పెట్టి తలుపు వెనక నుంచి ఊడిపడ్డట్టు వచ్చి, "ఆ చీపురిలా ఇవ్వండి బాబూ! మా పరువు తియ్యకండి!" అని చీపురు రెండో కొస పట్టుకుంది. ఆయన వదల్లేదు. "ఈ మూల ఒక్కటే ఉందండి అత్తయ్యగారూ" అన్నాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. అత్తా అల్లుడూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. మధ్యాహ్నానికి ఊరంతా ఒకటే మాట: వాళ్ళింట్లో కొత్త అల్లుడి చేత చీపురు పట్టిస్తున్నారట.

తాతయ్య ఆ రోజు రేడియో పెట్టలేదు. "కావాలనే చేస్తున్నాడు. పిల్ల నచ్చలేదు. ఆ మాట నోటితో అనలేక మనల్ని నలుగుర్లో చులకన చేస్తున్నాడు" అన్నాడు. అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచి, గుమ్మంలో నిలబడి చెప్పాడు: "గోడ చూసుకునే వాడి వెంట నా కూతుర్ని ఊరు కాని ఊరు పంపను. సంబంధం కుదిర్చిన రాజుగార్ని పిలవండి. తేల్చేద్దాం." అత్తయ్య వంటింట్లో పీట మీద కూర్చుని వింది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రాత్రి సర్దిన పెట్టెలోంచి రోజువారీ చీరలు రెండు తీసి దండెం మీద వేసింది. ఇక ప్రయాణం లేదని అనుకుందని నాకు అర్థమైంది.

అప్పటికి నేను మావయ్య పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఏం చేస్తున్నారో తెలుసుకుందామని వెళ్ళి అడిగితే, "ఊపిరి లెక్కపెడుతున్నాను. పది దాకా పెట్టి, మళ్ళీ మొదట్నుంచి" అన్నాడు. లెక్క అనగానే నాకు ప్రాణం లేచివచ్చింది. కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలుస్తున్నప్పుడు తాతయ్య కోసం లెక్క పట్టేది నేనే. అక్కడ ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. అదే వరసలో ఊపిరి లెక్కపెట్టి, పది దగ్గర ఆగబుద్ధి కాక ముందుకు వెళ్ళిపోయి, వంద దాటించి గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి, "పదకొండు ఎవరడిగేరమ్మా?" అన్నాడు. "పది దాటింది చూసుకోలేదంటే, లెక్క నువ్వు పెట్టలేదు. అదే నిన్ను లాక్కుపోయింది." ఆగడం కూడా లెక్కలో భాగమని నాకు చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. ఇన్నేళ్ళ అంచనాల పనిలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చిన పాఠం అదే. ఎక్కడ ఆగాలో తెలియని అంచనా ఇంటివాణ్ణి ముంచుతుంది.

"గదిలో తలుపేసుకుని కూచోవచ్చు కదండీ, ఇక్కడ ఇంత గోల" అని కూడా అడిగాను. ఇంజన్ గదిలో ఎదుటి మనిషి అరిచినా వినపడదట. "గోల ఆగేక కూచుంటానంటే ఎప్పటికి కూచుంటాం? గిన్నె చప్పుడు వినపడిందనుకో, వినపడింది. మళ్ళీ లెక్కలోకి వచ్చెయ్యి." అంతకుమించి ఆయన ఎన్నడూ బోధ చేయలేదు.

పెళ్ళి కుదిర్చిన సోమరాజుగారు మరో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి మావయ్య గోడ ముందే ఉన్నాడు. అందుకని వీధి వసారా వదిలి పెరటి వసారాలోనే బల్ల వేసి కూర్చున్నారు. ఆయన పది పూర్తి చేసుకుని లేచి నమస్కారం పెట్టాడు. తాతయ్య మొహం ఎర్రగా ఉంది. మామ్మ తలుపు వెనక. నేను మామ్మ వెనక.

"ఏవండీ అల్లుడుగారూ, ఆ గోడలో ఏం కనపడతాదండీ మీకు?" అన్నారు సోమరాజుగారు, నవ్వుతూనే.

"సున్నం కనపడతాదండి."

"ఇంకా?"

"పోయిన వానకి పడిన చార ఒకటుందండి. పైన ఓ పెంకు జరిగింది, సరిచెయ్యాలి."

"ఆయ్. అంతేనా?"

"అంతేనండి."

పెద్దమనుషుల్లో ఒకాయన కిసుక్కున నవ్వి, తాతయ్యని చూసి మింగేశాడు. తాతయ్య అందుకున్నాడు. "చూశారా అండీ వరస! అడిగినదానికి వేళాకోళం. పిల్ల నచ్చకపోతే నచ్చలేదని చెప్పమనండి. మొహం చూడ్డం ఇష్టం లేకే కదా గోడ చూడ్డం!"

మావయ్య మొహంలో మొదటిసారి బాధ కనపడింది. ఆ కోణం ఆయనకి తోచనేలేదు. ఏదో చెప్పబోయాడు గానీ, అప్పటికే అత్తయ్య కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మం దాటి వచ్చేసింది. సోమరాజుగారు గ్లాసు అందుకుంటూ, "నువ్వు చెప్పమ్మా. మీ ఆయన నీతో బాగానే ఉంటున్నాడా? భయపడకు" అన్నారు.

అత్తయ్య పళ్ళెం బల్ల మీద పెట్టింది. "ఆయన రోజూ కాసేపు గోడకేసి చూస్తారండి. లేచి ఇటు తిరిగేక చూసేది నన్నే. నిద్ర పట్టిందా, కాఫీ తాగేవా అనడుగుతారు. మా పుట్టింట్లో ఇన్నేళ్ళుగా ఒకళ్ళు ఒకళ్ళని అలా అడగడం నేను చూళ్ళేదు." తాతయ్య "ఏంటే ఆ మాటలు" అని లేవబోయాడు. ఆవిడ ఆయన వైపే తిరిగింది. "నాన్నా, దాలి దగ్గర అమ్మ చెయ్యి కాలింది. నెయ్యి రాసి గుడ్డ కట్టుకుని ఆ చేత్తోటే మీకు వడ్డిస్తోంది. ఏ చెయ్యో చెప్పండి."

దూరంగా ఎవరింట్లోనో రోకలి పోటు వినపడుతోంది. తాతయ్య మెల్లగా తలుపు వైపు తిరిగాడు. మామ్మ గభాలున ఎడమచెయ్యి కొంగులో దాచుకుంది. తాతయ్య కాఫీ గ్లాసు తీసుకుని, తాగకుండా పట్టుకుని, "రాజుగారూ, శుక్రవారం ప్రయాణానికి మంచిదేనా చూడండి. పిల్లని పంపుదాం" అన్నాడు. అత్తయ్య లోపలికి వచ్చి దండెం మీది చీరలు తీసి మడతపెట్టుకుంది. మడత పెడుతూ పెడుతూ ఏడ్చింది. ఎందుకని నేను అడగలేదు.

వాళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకి తాతయ్య పడక్కుర్చీ పెరటి వసారాలోకి చేరింది, గోడవైపు తిరిగి. వీధిలో ఎండ కళ్ళల్లో పడుతోందని చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకునేవాడో, సున్నం చూసేవాడో, కునుకు తీసేవాడో నేను చెప్పలేను. "ఏమే" కేకలు తగ్గలేదు. కానీ కేక వేశాక ఒక్కోసారి, "పోన్లే, నేనే తెచ్చుకుంటాలే" అని లేచేవాడు. మామ్మ బెదిరిపోయి, "మీకేం తక్కువైందండీ?" అని అడిగేది.

అప్పటికీ ఇప్పటికీ కొలిచి చూస్తే మా పొద్దున్నల్లో గోల పెరగలేదు, రకం మారింది. కేక పోయి ఫోను వచ్చింది. దాలి పోయి కుక్కరు వచ్చింది. ఇప్పుడు ధ్యానానికి ఫోనులో గంట మోగుతుంది, మా అబ్బాయి ఆఫీసులో అందుకోసం ఒక గది కూడా కట్టారు. దాని నేల కొలత నేనే చూశాను. మనుషులకి ఇది కావాలని నలుగురూ ఒప్పుకోవడం నాకు మంచి మార్పుగానే తోస్తుంది. అలిగారా అని అడిగేవాళ్ళు ఇప్పుడు తక్కువే. నా వరకు నేను మావయ్య పద్ధతి ఒదల్లేదని గట్టిగానే చెప్పుకుంటూ వచ్చాను. ఎవరూ లేవకముందే లేచి, బాల్కనీలో బట్టల స్టాండు పక్కన కూర్చుని, ఇంట్లో మొదటి కుళాయి విప్పేలోగా ముగించేస్తాను. స్లాబు పనులున్న వారం అది జారిపోతుంది. తరవాత మళ్ళీ పట్టుకుంటాను. ఇదే ఈ రోజులకి సరిపడే ఏర్పాటని నా నమ్మకం.

ఆపరేషన్ తరవాత మూడో నాలుగో రోజున అనుకుంటాను, అత్తయ్య గోడ దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నాకు ఎప్పట్నుంచో ఉన్న సందేహం అడిగాను. "అత్తయ్యా, మావయ్య ఉన్నన్నాళ్ళూ నువ్వు ఒక్కరోజు కూడా కూచోవడం నేను చూళ్ళేదు. ఇప్పుడేంటి కొత్తగా?"

ఆవిడ నల్ల కళ్ళద్దాలు సర్దుకుంది. "ఆయన కూచునేవేళకే కదే పాలబ్బాయి వచ్చేది, పిల్లల జడలు, క్యారేజీలు, నీళ్ళ మోటారు. ఇద్దరం గోడకేసి తిరిగితే పాలెవరు దింపుతారు?"

"మరి ఆయన నిన్ను కూచోమనలేదా?"

"ఎన్నిసార్లన్నారో. నేనే తరవాత కూచుంటాలెండి అనేదాన్ని. రిటైరయ్యేక నువ్వు కూచో అని ఆయన వంటింట్లోకి వచ్చేరు. నాకు ఆయన చేతిలో గరిట చూస్తే నిద్ర పట్టేది కాదు, లాగేసుకునేదాన్ని. చీపురు దగ్గర మా అమ్మ చేసినట్టే." నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "ఆయన మంచిగానే కూచున్నారే, చిట్టీ. ఆయన కూచున్నందుకు నాకేం బాధ లేదు. నేను కూచోనందుకే. నువ్వు మాత్రం అలా దొంగతనంగా బాల్కనీలో కూచోడం ఏంటి? మేమందరం లేస్తే నీకేమైనా అడ్డమా, నువ్వు కూచుంటే మాకు అడ్డమా?" అంది.

నాకు తెలియకుండానే ఇన్నేళ్ళూ ఎవరికీ అక్కర్లేని వేళ చూసుకుని, అందులో మాత్రమే నా ఊపిరి లెక్క వేసుకున్నాను. మావయ్య ఇంటి మధ్యలో కూర్చున్నాడు. ఆయన కూర్చోగలిగింది పాలు దింపే మనిషి ఒకరు ఉన్నందువల్ల. ఈ అంశం నా అంచనాలో ఎప్పుడూ చేర్చలేదు. అంచనాలో ఒక వస్తువు తప్పిపోయిందని తెలిస్తే నేను మూలుగుతూ కూర్చోను. వెంటనే చేరుస్తాను.

అత్తయ్యని బస్సెక్కించి వచ్చిన రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను: "రేపట్నుంచి ఏడింటికి నేను హాల్లో కూచుంటాను. లేచేదాకా ఫోనూ, తలుపూ, పాలూ మీవి."

ఆయన ముద్ద ఆపి నా మొహంలోకి చూశాడు. "ఏంటి, అలిగేవా?"

"లేదండి. కూచుంటున్నాను."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "నాకు చూసుకోడం రాదే. పాలు పొంగిపోతే?"

"తుడవండి" అన్నాను.